రెండో కుర్చీ పెన్సిలు

ఆర్కెస్ట్రా భవనం, ఇత్తడి వాద్యాల గది
ఫిబ్రవరి 4

బావా,

ఫోన్ ఎత్తని మనిషికి ఉత్తరాలే గతి. నిన్న మీ చెల్లెలు మూడుసార్లు చేసింది. సుత్తి చప్పుడులో అన్నయ్యకి వినబడి ఉండదులే అని తనకి తనే సర్దిచెప్పుకుంది. వినబడే ఉంటుందని నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

సంగతేమిటంటే, మే నెలాఖరుకి నేను ఆర్కెస్ట్రా నుంచి దిగిపోతున్నాను. ఎవరూ పొమ్మనలేదు. ముందు పన్ను ఒకటి కదులుతోంది. ట్రంపెట్ మౌత్‌పీసు ఆనేది సరిగ్గా దాని మీదే. పీకేస్తానంటాడు పళ్ల డాక్టరు. పీకేస్తే పెదవికి దన్నుండదు. ఇప్పటికే పై స్వరాలు బతిమాలితే గానీ రావడం లేదు. వయొలిన్ వాళ్లలో ఒకరు తప్పు వాయిస్తే కప్పిపుచ్చడానికి పక్కన పదిహేను మంది ఉంటారు. మన తప్పు ఆఖరి వరసలో కునుకు తీస్తున్నవాడిక్కూడా వినబడుతుంది. ఆ రోజు రాకముందే లేచిపోదామనుకున్నాను.

ఇప్పుడు నీతో పని పడింది. వీడ్కోలు కచేరీకి చిన్న పుస్తకం వేస్తారట. మీ సంగీత జీవితం రెండు పేజీల్లో రాసివ్వండి సార్ అని ఆఫీసమ్మాయి వెంటపడుతోంది. మూడు రోజులు కూర్చుంటే నాలుగు వాక్యాలు వచ్చాయి. నువ్వు నా చేతికి ట్రంపెట్ ఇచ్చింది నా పదకొండో ఏటా, పన్నెండో ఏటా? మీ వెనక గదిలో గొట్టం నిండా పాత తువ్వాలు కుక్కి నన్ను ఊదమంటే, మావయ్యగారు గుమ్మంలో నిలబడి "వీడు ఊదుతున్నాడా, ఏడుస్తున్నాడా" అన్నది అప్పుడేనా? నువ్వు మొదటి కుర్చీలో చేరిన ఎన్నాళ్లకి నేను నీ పక్కన రెండో కుర్చీలోకి వచ్చాను? నాకు లెక్కలు కలవడం లేదు. నీకు అన్నీ నోటుబుక్కులో ఉంటాయి కదా, చూసి చెప్పు.

కచేరీకి నువ్వు రావాలి. ఇరవై రెండేళ్లయింది నువ్వు ఈ గుమ్మం తొక్కి. ఒక్కసారికి రా.

నీ
రెండో కుర్చీ


రిపేరు షాపు, స్టేషన్ వీధి
ఫిబ్రవరి 12

ఒరే రెండో కుర్చీ,

ఇరవై రెండేళ్లుగా మొదటి కుర్చీ అరగదీస్తూ ఇంకా ఆ పేరుతోనే సంతకం పెడతావు. పోనీలే, నేను పెట్టిన పేరేగా.

నోటుబుక్కు చూశాను. నీకు పన్నెండు, నాకు పద్నాలుగు. నువ్వు ఊదిన మొదటి స్వరానికి పక్కింటివాళ్లు కిటికీ మూసుకున్నారు. నాన్న ఆ మాట అన్నది రెండో రోజు. మొదటి రోజు ఆయన ఇంట్లో లేడు, నీ అదృష్టం. నేను ఇరవై ఆరో ఏట మొదటి కుర్చీలో కూర్చున్నాను. నాలుగేళ్ల తర్వాత నువ్వు రెండో కుర్చీకి వచ్చావు. తెర వెనక నిలబడి పరీక్ష ఊదావు, నీ నంబరు పదిహేడు. ఎవరు ఊదుతున్నారో తెలియకూడదని తెర కడతారు గానీ, నువ్వు ఊపిరి పీల్చుకున్న తీరుకే నేను గుర్తుపట్టేశాను. అయినా నోరెత్తలేదు. మిగతా వాళ్లే నిన్ను ఎంచుకున్నారు. అది మాత్రం పుస్తకంలో గొప్పగా రాసుకో.

ఈ నెల బడి బ్యాండువాళ్ల ట్రంపెట్లు ఏడు వచ్చాయి. పిల్లలు వాటిని ఊదుతున్నారో, వాటితో కొట్టుకుంటున్నారో తెలియడం లేదు. ఒకదాని గొట్టంలో సగం రబ్బరు బంతి దొరికింది. సొట్టలు తీయడం ఊదడం కంటే నయం. సొట్ట తీశాక అక్కడ తీసినట్టు కూడా తెలియదు.

నా గురించి అందులో ఎక్కువ గోల పెట్టకు. "మొదటి ట్రంపెట్ వాద్యకారుడు ఆరోగ్య కారణాల వల్ల తప్పుకోగా" అని ఒక్క ముక్క రాసి ముందుకి పో. కచేరీకి రాను. బలవంతపెట్టకు. ఫోన్ ఎత్తలేదని కోపం తెచ్చుకోవద్దని చెల్లికి చెప్పు. ఫోన్లో విన్నది నా దగ్గర నిలవదు. కాగితం మీద ఉంటే ఉంటుంది.

రేకుల డాక్టరు


ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి 20

బావా,

నీ లెక్కలు పెట్టుకుని ఒకటిన్నర పేజీ రాశాను. మన పని ఏమిటో తెలియనివాళ్లకి తెలిసేలా రాయమంది ఆ అమ్మాయి. అందుకని ఇలా మొదలుపెట్టాను: "ట్రంపెట్ వాద్యకారుడి పనిలో సగం ఊదకుండా కూర్చోవడం. నాలుగు తాళపు దెబ్బలు ఒక బార్. ఒక్కోసారి వంద బార్లు ఊరికే కూర్చుని లెక్కపెట్టాలి. నూట ఒకటో బార్లో, చల్లారిపోయిన పెదవితో, ఉన్నట్టుండి అందరికంటే గట్టిగా, తప్పు లేకుండా ఊదాలి." చదివి ఆమె భయపడింది. ఇంత కష్టమా సార్, మీరు ఊరికే కూర్చుంటారనుకునేదాన్ని అంది.

తిరిగిన దేశాలు రాశాను. రికార్డులు రాశాను. చలికి వాల్వులు బిగుసుకుపోతే కోటు లోపల పెట్టుకుని కోడిపెట్టలా పొదిగిన సంగతి రాశాను. కుటుంబం గురించి రాయమంటే మీ చెల్లెలి గురించి రెండు వాక్యాలు రాశాను. పిల్లల పేర్లు ఇవ్వండి సార్ అంది. లేరమ్మా అన్నాను. పెళ్లయిన మూడో ఏడో, నాలుగో ఏడో నేను ఆ ఊసెత్తితే మీ చెల్లెలు ఏమందో నీకెప్పుడూ చెప్పలేదనుకుంటా. "మీ ఊపిరంతా ఆ గొట్టానికే సరిపోతుంది, ఇంకొకళ్లకి ఎక్కడ మిగులుతుంది" అంది. నవ్వుతూనే అంది. మళ్లీ ఆ మాట రానివ్వలేదు. కొన్నాళ్లు మనసు కష్టపెట్టుకున్నాను, తర్వాత అలవాటైపోయింది.

నువ్వు వెళ్లిపోయిన సంవత్సరం దగ్గర మాత్రం కలం ఆగిపోయింది. ఆరోగ్య కారణాలేమిటి? గుండ్రాయిలా ఉండేవాడివి. ఆ ఆదివారం జరిగినదానికి తలెత్తుకోలేక వెళ్లిపోయావనే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. ఆర్కెస్ట్రాలో అందరూ అదే అనుకున్నారు. నీకేమైనా జబ్బు చేసిందా? చేస్తే నాకెందుకు చెప్పలేదు?

నీ
రెండో కుర్చీ


రిపేరు షాపు, స్టేషన్ వీధి
మార్చి 3

ఒరే బావా,

అడగకపోతే చెప్పేవాణ్ని కాదు. అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఎలాగూ ఈ నెలలో తెలిసేదే.

ఆ ఆదివారం సాయంత్రం కచేరీ నీకు గుర్తుండే ఉంటుంది. నేను వేదిక వెనక నడవాలో, మూసిన తలుపు అవతల నిలబడి దూరం నుంచి వినబడేలా ఊదాలి. లోపలి సంగీతం ఏదీ సరిగా వినబడదు. డ్రమ్ము ఒక్కటి వినబడుతుంది. డ్రమ్ము మోగిన దగ్గర్నుంచి లెక్కపెట్టుకుని, కాగితం మీద ఎన్ని బార్లు ఉంటే అన్ని అయ్యాక ఊదాలి. అంతకుముందు రెండేళ్లు ఆ చోట ఎనిమిది బార్లు కత్తిరించి వాయించాం కాబట్టి నలభై ఎనిమిది ఉండేది. శుక్రవారం రిహార్సల్లో మన కండక్టరు, ఆ కర్రాయన, ఆ ఎనిమిదీ మళ్లీ పెట్టమన్నాడు. యాభై ఆరయింది. నా చేత్తో నేనే దిద్దుకున్నాను.

నేను నలభై ఎనిమిదికి ఊదాను. లోపల ఫ్లూట్ అమ్మాయి ఒక్కతే మెల్లగా వాయిస్తున్న చోట నా కేక వెళ్లి పడింది. ఆ అమ్మాయి ఆగిపోయింది. హాల్లో ఎవరో నవ్వారు. ఆ నవ్వు మూసిన తలుపులోంచి నాకు వినబడింది, సంగీతం వినబడలేదు గానీ.

తప్పు ఊదడం పెద్ద సంగతి కాదు. అందరం ఊదుతాం. మర్నాడు నేను నా పార్టు, అదే నా స్వరాల కాగితం, చూడాలని వచ్చాను. నువ్వే తీసి చూపించావు. కాగితం మీద శుభ్రంగా యాభై ఆరు ఉంది. నా కళ్లకి నలభై ఎనిమిది కనబడింది, ఒట్టేసి చెప్పగలను, ఆ నాలుగూ ఆ ఎనిమిదీ ఇప్పటికీ కనబడుతున్నాయి. లేని అంకె చూశానన్నమాట.  పాపం నీ మొహం పాలిపోయింది.

నాన్న గుర్తున్నాడా నీకు చివరి రోజుల్లో? నలభై నాలుగో ఏట మొదలైంది ఆయనకి. గోడగడియారం నాలుగు చూపిస్తుంటే రెండు అనేవాడు. తప్పు నాన్నా అంటే, నాకు రెండే కనబడుతోందిరా అని ఏడ్చేవాడు. యాభై వచ్చేసరికి మమ్మల్ని పోల్చుకోలేకపోయాడు. నాకు ముప్పై ఆరుకే మొదలైందనుకున్నాను. నలుగురి ముందు మతి తప్పి నవ్వులపాలు కాకముందే తప్పుకున్నాను. సొట్టలు తీయడానికి అంకెలు చదవనక్కర్లేదు. పెళ్లి ఊసు వదిలేశాను. ఎదురు వీధి టీచరు ఒకావిడ రెండేళ్లు ఎదురుచూసింది, ఆమెకి కారణం కూడా చెప్పలేకపోయాను. అన్నీ నోటుబుక్కులో రాసుకోవడం అప్పట్నుంచే.

ఆ జబ్బు నా మీద దయ చూపి ఇన్నేళ్లు ఆగింది. కిందటి నెల షాపులో మంట ఆర్పడం మర్చిపోయి తాళం వేశాను. బల్ల కాలింది. డాక్టరు దగ్గరికి వెళితే మొదటి లక్షణం ఎప్పుడు కనబడిందన్నాడు. ఇరవై రెండేళ్ల కిందట, ఒక ఆదివారం సాయంత్రం అని చెప్పాను. రాసుకున్నాడు. ఇక్కడ ఇలాంటివాళ్లకి ఒక హోము ఉంది. గదికి కిటికీ ఉంది, తలుపుకి లోపల గడియ లేదు. ఏప్రిల్ ఒకటిన చేరతాను. హోము సంగతి చెల్లికి ఇప్పుడే చెప్పకు.

రేకుల డాక్టరు


ఇల్లు, వంటగది బల్ల
మార్చి 8

బావా,

నీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి. పన్ను ఇంకా కదులుతూనే ఉంది. ఏదో ఒకటి పెద్దది వాయించాలని కొత్త కర్రాయన అంటున్నాడు.

హోములో చేరే ముందు ఇంకో డాక్టరుకి చూపించుకో. మంట ఆర్పడం ఎవరైనా మర్చిపోతారు. మొన్న నేను కళ్లజోడు పెట్టుకుని కళ్లజోడు వెతుక్కున్నాను. ఇరవై రెండేళ్ల కిందటిదాన్ని లెక్కలోకి తీసుకోవద్దని డాక్టరుకి చెప్పు. అది వేరు. ఎలా వేరో నేను నీకు మళ్లీ వివరంగా రాస్తాను. ఏప్రిల్ ఒకటి తొందరేమీ లేదు కదా? ఆగు, అంతే. నా మాట విని ఆగు.

నీ
రెండో కుర్చీ


రిపేరు షాపు, స్టేషన్ వీధి
మార్చి 14

ఒరే,

జాలిపడి నాలుగు మాటలు రాస్తావని తెలుసు, అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు. కళ్లజోడు కబుర్లు నాకు చెప్పకు. ఆ రోజు వేరంటే ఎలా వేరు? పార్టు నువ్వూ చూశావు, నేనూ చూశాను.

సొట్టలు తీసే సామానంతా పక్క ఊరు నుంచి ఒకాయన వచ్చి చూసుకుని వెళ్లాడు. ఇరవై తొమ్మిదిన పట్టుకెళతాడు. ముప్పై ఒకటిన హోము కాగితం మీద సంతకం. సంతకం పెట్టాక నా తరఫున నిర్ణయాలన్నీ వాళ్లవే. నాకు అదే కావాలి. నా చేతుల్లో ఉండగానే నేను చేసే ఆఖరి తెలివైన పని ఇది. అడ్డు రాకు.

రేకుల డాక్టరు


ఆర్కెస్ట్రా భవనం, పార్టులు దాచే గది
మార్చి 17

బావా,

సంతకం పెట్టకు. నువ్వు చూసిన అంకె నిజం. కాగితం మీద నలభై ఎనిమిదే ఉంది. అది రాసింది నేను. తర్వాత చెరిపి యాభై ఆరు చేసింది కూడా నేనే.

ఆ ఆదివారం మధ్యాహ్నం నీ పాత పార్టు మీద టీ ఒలికింది. ఎవరు ఒలికించారో ఇప్పుడు అనవసరం. కొత్త ప్రతి తీసుకుని, నీ గుర్తులన్నీ దాని మీదికి ఎక్కించమన్నావు. పెన్సిలు పని ఎప్పుడూ రెండో కుర్చీవాడిదే కదా. నేను ఆ అంకె రెండేళ్లుగా నలభై ఎనిమిది అని రాసీ రాసీ ఉన్నాను. టీ మరక కింద నువ్వు దిద్దింది సరిగా కనబడలేదు. కనబడకపోతే అడగాలి. నాకు తెలుసులే అనుకుని చేతి వాటంగా రాసేశాను. ఇక్కడివరకు పొరపాటు.

కచేరీ అయ్యాక పార్టులు పోగుచెయ్యడం కూడా నా పనే. నడవాలో నీ స్టాండు మీద కాగితం చూశాను. నా దస్తూరీలో నలభై ఎనిమిది ఉంది. నువ్వు కర్రాయన గదిలో ఉన్నావు, తలుపు బయటికి ఆయన అరుపులు వినబడుతున్నాయి. ఆ కాగితం తీసుకుని లోపలికి వచ్చి "తప్పు నాదండీ" అంటే సరిపోయేది. పది అడుగులు. నేను కాగితం చంకలో పెట్టుకుని ఇటు వచ్చాను, ఇప్పుడు కూర్చున్న ఈ గదికి. ఇక్కడ బల్ల మీద రబ్బరు ఉంటుంది. చెరిపాను. పొట్టు ఊదేసి, యాభై ఆరు రాశాను. మొదట్నుంచీ అదే ఉన్నట్టు, అయిదు తోక సాగదీసి మరీ రాశాను.

మర్నాడు నువ్వు వచ్చి చూపించమన్నప్పుడు నా మొహం పాలిపోయిందన్నావు. నీ మీద జాలితో కాదు బావా. దొరికిపోతానని. నువ్వు ఆ అంకె చూసి ఏమీ అనకుండా కాగితం నా చేతికి తిరిగి ఇచ్చావు. నీకు ఒంట్లో బాగాలేదేమో అనిపించింది నాకు. బతికిపోయాను అనుకున్నాను.

మొదట్లో భయం, అంతే. కర్రాయన నన్ను వెళ్లగొడతాడని. నువ్వు వెనకేసుకొస్తావని తెలుసు, అయినా భయం. పదకొండు రోజులకి నువ్వు రాజీనామా ఇచ్చావు. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, మొదటి కుర్చీ ఖాళీ అయిందని లోపల్నుంచి ఒక మాట వచ్చింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇరవై రెండేళ్లు పట్టింది. నాలుగు నెలల తర్వాత తెర వెనక పరీక్ష ఊదాను. అంత బాగా నేను మళ్లీ ఎప్పుడూ ఊదలేదు. నువ్వు నేర్పినదంతా ఊదాను.

అభిమానపడి వెళ్లావని, నీకు షాపు బాగుందని, ఈ గోల కంటే నువ్వే హాయిగా ఉన్నావని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మావయ్యగారి జబ్బు నా తలపుకి కూడా రాలేదు. నిన్ను కుర్చీ నుంచి లేపానని మాత్రమే అనుకున్నాను. అదే మొయ్యలేకపోయాను. ఇప్పుడు నువ్వు రాసింది చదివాక, నేను నీ నుంచి తీసుకున్నది కుర్చీ కాదని తెలిసింది. నీ బుర్ర మీద నీకున్న నమ్మకం తీసుకున్నాను. నీకు మతి తప్పలేదు. నువ్వు ఉన్నదే చూశావు, ఉన్నదే లెక్కపెట్టావు. ఎనిమిదో తారీఖు ఉత్తరంలో కూడా ఇది చెప్పకుండా ఎండల గురించి రాశాను చూడు, అలాంటివాణ్ని.

సంతకం పెట్టకు. సామాను అమ్మకు. నన్ను ఏమన్నా సరే.

నేను


రిపేరు షాపు, స్టేషన్ వీధి
మార్చి 20

నాకు మూడు సంగతులు తెలియాలి. చెరిపేటప్పుడు గదిలో ఇంకెవరైనా ఉన్నారా? ఆ పార్టు ఇప్పుడెక్కడ ఉంది? ఇది నా చెల్లికి తెలుసా? వేరే ఏమీ రాయకు.


ఆర్కెస్ట్రా భవనం, పార్టులు దాచే గది
మార్చి 22

గదిలో ఎవరూ లేరు. పార్టు ఇక్కడే, మూడో బీరువాలో ఉంది. ఈ ఉత్తరంతో పంపుతున్నాను. అడక్కుండా తీశాను. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడు, యాభై ఆరు కింద పాత అంకె పెన్సిలు నొక్కు కనబడుతుంది. మీ చెల్లెలికి తెలియదు.


రిపేరు షాపు, స్టేషన్ వీధి
ఏప్రిల్ 6

బావా,

చూశాను. కిటికీ దగ్గర పెట్టి చూశాను, దీపం ముందు పెట్టి చూశాను, చివరికి భూతద్దం పెట్టి చూశాను. నాలుగు ఉంది. దాని పక్కన ఎనిమిది ఉంది. సొట్ట తీసిన చోటు తెలియదని నీకు గొప్పలు రాశాను కదా, తెలుస్తుంది.

డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లాను. మొదటి లక్షణం కొట్టేయమన్నాను. అలా కొట్టేయకూడదన్నాడు. కాగితం తీసి చూపించి మొత్తం చెప్పాను. ఆయన కాగితం వెలుతురుకి పెట్టి తనూ చూశాడు. తర్వాత రెండు రోజులు కూర్చోబెట్టి ఏవేవో అడిగాడు, బొమ్మలు గీయించాడు, వెనక నుంచి అంకెలు చెప్పించాడు. ఈ వయసుకి ఉండాల్సినంత మతిమరుపే ఉందట. మంట సంగతికి గోడ మీద ఒక అట్ట పెట్టుకోమన్నాడు. సంతకం పెట్టలేదు. సామాను కొనడానికి వచ్చినాయన చేత తిట్లు తిని, ఆయన్ని వెనక్కి పంపాను.

నిజం చెప్పాలంటే తప్పు కొంత నాది కూడా. నేనే యాభై ఆరు చేసుకుని, నలభై ఎనిమిది కనబడితే ఇదేమిటని ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. కాగితం మీద ఏముంటే అది ఊదేవాణ్ని, ఎందుకంటే రాసేది నువ్వు.

నీ మీద కోపం ఉందా అంటే ఉంది. ఎంత ఉందో ఇంకా తెలియదు. రోజూ పొద్దున లేవగానే మొదట హాయిగా ఉంటుంది, నాకేం కాలేదని. నోరు కడుక్కునేసరికి నువ్వు గుర్తొస్తావు. టీచరుగారు గుర్తొస్తారు. ఆవిడ బదిలీ అయి వెళ్లి పద్దెనిమిదేళ్లయింది. ఆ కోపం నా దగ్గర ఉంచుకుంటాను, నీకు రాయను. కానీ ఒక సంగతి రాయాలి. రాయకూడదని పది రోజులు అనుకున్నాను. నీకు శిక్ష వెయ్యాలని రాస్తున్నానా, నిజమని రాస్తున్నానా అని నన్ను నేను అడిగాను. రెండూ అని తేలింది.

అప్పట్లో రాజీనామా ఇచ్చాక నేను సామాను సర్దుకుంటుంటే చెల్లి సాయానికి వచ్చింది. అప్పటికి మీకు పెళ్లయి మూడేళ్లు. దానికి చెప్పకుండా వెళ్లడం అన్యాయమనిపించింది. నాన్నది నాకూ వచ్చింది, నా కళ్లకి లేని అంకెలు కనబడుతున్నాయి అన్నాను. నాన్న నుంచి నాకు వస్తే నీకూ రావచ్చు, నీ నుంచి నీ పిల్లలకీ వెళ్లవచ్చు, ఆలోచించుకో అన్నాను. పెద్దవాణ్ని, చెప్పాల్సిన బాధ్యత అనుకున్నాను. అది అట్టపెట్టె మీద కూర్చుని చాలాసేపు తాడు ముడి వేస్తూ, విప్పుతూ ఉండిపోయింది. చివరికి నా చేత ఒట్టు వేయించుకుంది. "ఆయనకి చెప్పకు అన్నయ్యా. తెలిస్తే రోజూ నా మొహంలో నాన్నని వెతుక్కుంటారు" అంది.

నీ ఊపిరి గొట్టానికే సరిపోతుందని అది నీతో ఎందుకన్నదో నాకు నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నీకు తెలియదని కూడా అప్పుడే తెలిసింది.

దానికి నేను చెప్పను. నా నోటితో ఒకసారి చెప్పి చేసింది చాలు. ఈసారి నువ్వు చెప్పు. ఉత్తరంలో కాదు, ఎదురుగా కూర్చుని.

అన్నయ్య


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 10

బావా,

నీ ఉత్తరం అందిన రోజు నేను ఇంటికి వెళ్లలేకపోయాను. ఆర్కెస్ట్రా మెట్ల మీద కూర్చుండిపోయాను. తలుపు తాళం వేసే ఆయన వచ్చి ఒంట్లో బాగాలేదా సార్ అని అడిగాడు. మా పిల్లలకి ఏం పేర్లు పెట్టేవాళ్లమో అని ఆలోచిస్తున్నానని చెప్పలేక, పన్ను నొప్పి అన్నాను. నేను నీకు చేసినదానికి ఏడవడం నాకు చేతనవుతుంది. ఇది నాకు నేను చేసుకున్నది కూడా కదా, దీనికి ఎలా ఏడవాలో తెలియడం లేదు. నాకు జాలిపడే హక్కు లేదు, ముఖ్యంగా నా మీద నాకు.

పుస్తకానికి రాసిన రెండు పేజీలూ చించేసి, జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాసిచ్చాను. ఆఫీసమ్మాయి చదివి, ఇది వేయలేం సార్, వీడ్కోలు పుస్తకం కదా అంది. అయితే పుస్తకం వద్దు, కచేరీ కూడా వద్దన్నాను. మే వరకు ఆగను. ఆర్కెస్ట్రా పెద్దలకి అదే పేజీ ఇచ్చి వచ్చాను. ఏం చేసుకుంటారో వాళ్ల ఇష్టం.

నిన్న మధ్యాహ్నం మీ చెల్లెలికి చెప్పాను. ఎదురుగా కూర్చునే చెప్పాను. తను నా కచేరీ కోటు ఇస్త్రీ చేస్తోంది. టీ మరక దగ్గర మొదలుపెట్టి, రబ్బరు, అంకె, మర్నాడు నీకు చూపించడం, నీ ఉత్తరం, అన్నీ వరసగా చెప్పాను. తను మధ్యలో ఎక్కడా నన్ను ఆపలేదు. నేను ఆపుదామనుకున్న చోట కూడా చెప్పండి అంది. నీకు ఏ జబ్బూ లేదని డాక్టరు అన్న సంగతి ముందే చెప్పాల్సింది, తెలివితక్కువగా చివర చెప్పాను. అది విన్నప్పుడు మాత్రం కళ్లు మూసుకుంది.

పదమూడున పొద్దున బండికి నీ దగ్గరికి వస్తోంది. ఎన్నాళ్లుంటుందో చెప్పలేదు, నేను అడగలేదు. పెద్ద పెట్టె సర్దుకుంది. తనకి మోకాలు నొప్పి, స్టేషన్‌కి ఎదురు రా. నన్ను బండి ఎక్కించడానికి కూడా రావద్దంది.

నేను చెప్పడం అయిపోయాక తను ఇస్త్రీ పెట్టె ఆపింది. కోటు చేతిని వేళ్లతో సరిచేసింది. తిడుతుందని ఎదురుచూశాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తిట్టలేదు.

"అప్పుడు నాకు ముప్పై రెండేళ్లు" అంది.